లువాన్ లైటర్

సైగాన్‌లో పాత సైనిక సామాన్లు అమ్మే బజారులో థోవా పొద్దున్నుంచీ అబద్ధాలాడి అలసిపోయింది. కొత్త లైటర్ల మీద ఎప్పటి సిపాయిల పేర్లో చెక్కి, పాతబడ్డట్టు కనిపించేలా ఉప్పు చేపల ఊటలో నానబెట్టి, యుద్ధం నాటివని అమ్మడమే ఆమె బతుకు. ఒక్కో పేరుది ఒక్కటే పైన పెడుతుంది. మిగతావి బల్ల కింద పెట్టెలో ఉంటాయి.

ఒక ముసలాయన లైటరొకటి తీసుకుని మూత మీది సొట్టను వేలితో తడిమాడు.

"ఇది మా అన్నదమ్మా. లువాన్ అని పేరుంది చూడు. సొట్ట కూడా అదే."

అసలైన లువాన్ లైటరును ఆమె ఎప్పుడో ఎవరికో అమ్మేసింది. అమ్మేముందు చూసిపెట్టుకున్న గుర్తుతోనే కొత్తవాటి మీద ఆ పేరు చెక్కుతోంది, సుత్తితో అదే సొట్ట కొడుతోంది.

"ఎంతిమ్మంటావు?"

"మీ ఇంటి వస్తువుకి నేనేం తీసుకుంటాను పెద్దాయనా, తీసుకెళ్ళండి. కాస్త చేపల వాసనొస్తుంది, ఏమనుకోకండి."

"పడవ మీద బతికినోడు. అన్న దగ్గరెప్పుడూ అదే వాసన."

ఆయన అటు తిరగ్గానే అలవాటుకొద్దీ ఆమె చెయ్యి బల్ల కిందికెళ్ళి, అదే పేరూ అదే సొట్టా ఉన్న ఇంకో లైటరును పైకి తెచ్చింది.

సందు చివర ఆయన ఆగి, వెనక్కి తిరిగి చూశాడు.

థోవా గుప్పిట మూసుకుంది.