ఎదుటికొచ్చిన కుర్చీ

నేను ఒక కుర్చీని, కాదనను. కానీ మామూలు కుర్చీలకు మనుషుల మొహాలు కనిపిస్తాయి. నాకు మాత్రం చాలా ఏళ్లు నడినెత్తులే దిక్కయ్యాయి.

బర్మా టేకుతో నన్ను రంగూన్‌లో చేశారు. కొన్నది డాక్టర్ కోరాడ అప్పలస్వామి, అక్కడే పుట్టి, కలకత్తా వెళ్లి మనసు వైద్యం నేర్చుకొచ్చిన తెలుగాయన. ఆ వైద్యంలో మందూ లేదు, సూదీ లేదు. రోగి సోఫా మీద పడుకుని మనసుకు తోచిందల్లా చెప్పుకుపోవాలి. డాక్టరు తలవైపు, కనబడకుండా కూర్చోవాలి. ఎదుట మొహం కనిపిస్తే మనిషి మాట దాచుకుంటాడట! అలా నా చోటు వెనకాలే ఖాయమైంది.

బర్మా సైనిక ప్రభుత్వం ఖైదీలను చావగొడుతోందని ఈయన పత్రికకు రాశాడు. ఓడెక్కి పొమ్మన్నారు. పుట్టిన ఊరు వదులుతూ జనం బంగారం మూటగట్టుకుంటే, ఈయన నన్ను నెత్తిన పెట్టుకున్నాడు. ఓడ మీద నా పొగరు చూడాలి!

విశాఖపట్నం కంచరపాలెంలో మళ్లీ అదే వైద్యం, కాకపోతే సోఫా బదులు నవారు మంచం. ఒకరోజు పౌరహక్కుల సంఘంవాళ్లు జనపనార మిల్లులో పనిచేసే పైడమ్మను తీసుకొచ్చారు. సమ్మెలో ఆలుమగలిద్దర్నీ పోలీసులు పట్టుకుపోతే, మొగుడు శవమై తిరిగొచ్చాడు. విచారణలో ఈమె నోరు విప్పితేనే కేసు నిలుస్తుంది. ఈమెకేమో ఆ సంగతి ఎత్తితే గొంతు పెగలడం లేదు.

మంచం మీద పడుకుంది. వెనక నుంచి డాక్టరు ఎంతో మెత్తగా, "చెప్పమ్మా, చెప్పు" అన్నాడు.

ఆమె మోకాళ్లు ముడుచుకుని, చేతులతో తల కప్పుకుంది. గోడకేసి చూస్తూ అంది: "ఆళ్లూ అంతే బాబూ. కళ్లకి గుడ్డ కట్టేసి, యెనకాల నిలబడి, సెప్పు సెప్పు అనీవోరు."

డాక్టరు గభాలున లేచి, నన్ను బరబరా ఈడ్చుకొచ్చి మంచం ముందు వేశాడు. "ఇదిగో, ఇక్కడున్నానమ్మా. వింటున్నాను" అన్నాడు. అప్పుడు చూశాను, మొట్టమొదటిసారి, ఒక రోగి మొహం! కనుబొమ్మ మీద మచ్చ, తడిసిన కళ్లు. నా ఒళ్లు పులకరించింది. ఆమె మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టింది.

విచారణనాడు డాక్టరు నన్ను రిక్షాలో వేసుకెళ్లి, ఆమెకు కనబడేచోట వేసుకుని కూర్చున్నాడు. కోర్టు నిండా కుర్చీలుండగా ఈయన సొంత కుర్చీతో వచ్చాడేమిటని జడ్జీగారు నవ్వుకున్నారు. పోలీసుల తరఫు వకీలు మాత్రం గడుసువాడు. పచార్లు చేస్తూ చేస్తూ ఆమె వెనక్కి చేరి, "ఊఁ, చెప్పు" అన్నాడు.

పైడమ్మ చేతులు మళ్లీ తల మీదికి లేచాయి. అంతా అయిపోయిందనుకున్నాను. అంతలో ఆమె లేచింది. తను కూర్చున్న సర్కారు కుర్చీని బరబరా ఈడ్చి, వకీలు వైపు తిప్పుకుని కూర్చుంది.

"ఇప్పుడడగండి బాబూ, మీ మొకం అవుపిస్తంది. నా పెనిమిటిని కొట్టినోణ్ని ఆళ్లు పేరెట్టి పిలిసినారు. ఆ పేరు సెప్తాను."

చెప్పింది. నాకే గనక చేతులు ఆడితే చప్పట్లు కొట్టేదాన్ని.

డాక్టరు పోయాక పైడమ్మ నన్ను తన ఇంటికి తెచ్చుకుంది. ఠాణాల్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లు వస్తుంటారు. వాళ్లను మంచం మీద కూర్చోబెట్టి, తను నన్ను ఎదుటికి ఈడ్చుకుంటుంది. గచ్చంతా గీతలు పడుతున్నాయని కోడలు సణుగుతుంది.

"పడనీవే" అంటుంది పైడమ్మ.