నాలుగు దిండ్ల ఫిర్యాదు

“మా ఇంట్ల దొంగలు పడ్డరే రామలింగన్నా! బయటోడైతే పోలీసులకన్న చెప్దును. నా పెండ్లామే దొంగాయె!”

ఫలక్‌నుమా స్టేషన్ దగ్గర పాల దుకాణం నడిపే కొండల్ ఆ ఉదయం కూడా తన గోడు మొదలుపెట్టాడు. పోయిన సొత్తు దిండ్లు. బోనాల నాటికి భార్య ఆండాలు తల కింద ఒకటే ఉండేది. చవితికి రెండయ్యాయి, దసరాకు మూడు, ఇప్పుడు నాలుగు. కొండల్‌కు మడతపెట్టిన తువ్వాలు మిగిలింది.

“నాలుగు మెత్తలు ఒరగేసుకొని కూసొనే పంటది. నవాబు బిడ్డ మరి!”

పాల గిన్నెతో నిలబడ్డ రామలింగయ్య పకపకా నవ్వాడు. అతని ఇంట్లో దిండ్లు క్షేమం.

కొండల్ గురించి ఒక మంచి మాటా చెప్పాలి. పాలచుక్క గోటి మీద వేసుకుని, అది జారే తీరు చూసి, ఎంత నీళ్లు కలిశాయో చెప్పేస్తాడు. పాలు పోసేవాళ్లకు ఆ గోరంటే హడల్. అంత చూపున్న మనిషికి సొంత ఇంటి మెట్ల మీద జరుగుతున్నది కనిపించలేదు.

దుకాణం కింద, ఇల్లు పైన, మధ్య పద్దెనిమిది మెట్లు. ఒకప్పుడు పాల క్యానుతో గబగబా ఎక్కే ఆండాలు ఇప్పుడు తొమ్మిదో మెట్టు మీద ఆగుతోంది. ఎందుకాగావని ఎవరైనా అడుగుతారేమోనని ఎదురింటి పిల్లిని పలకరిస్తోంది. వాచిన కాలివేళ్లకు మట్టెలు బిగుసుకుంటే తీసి డబ్బాలో దాచింది. అలాగని కొండల్ వైద్యం చేయించలేదనకండి. ఒక వారం గోలీసోడా, ఒక వారం గ్యాసు మందు. తగ్గకపోయేసరికి ‘నఖ్రాలు’, ఒట్టి వేషాలు, అని తేల్చేశాడు.

“బాపూ, గ్యాసుకు కాళ్లెందుకు ఉబ్బుతయే? దవాఖానకు నువ్వొస్తవా, నన్నే తీస్కపొమ్మంటవా?” అంటూ కూతురు స్వీటీ ఆటో పిలిచింది. కొండల్ కూడా ఎక్కాడు. డాక్టరు ముందు ఫిర్యాదు చేసే అవకాశం ఎవరు వదులుకుంటారు?

నళిని డాక్టరమ్మ అడిగితే, ఆండాలు మన ఆడవాళ్లందరి జవాబే చెప్పింది. “ఏం లేదమ్మా... మంచిగనే... ఉన్న.” ఆ మూడు ముక్కల మధ్య రెండుసార్లు ఊపిరి పీల్చుకుంది.

“మంచిగ లేకేంది మేడం!” కొండల్ అందుకున్నాడు. “బోనాలకు ఒక్క మెత్త, చవితికి రెండు, దసరాకు మూడు, గిప్పుడు నాలుగు. పక్క మీద ఒరిగితే చాలు, లేచి కూసుంటది. జర మీరన్న చెప్పుండ్రి!”

డాక్టరమ్మ కలం ఆగింది. “కొండల్‌గారూ, ఆమె దాచుకున్న జబ్బు మొత్తం మీరే పండుగలతో సహా చెప్పేశారు.”

ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల నిండా తెల్లటి మసక.

“గుండె బలంగా పనిచేయకపోతే నీరు ఊపిరితిత్తుల్లోకి ఊరుతుంది. గాలి ఉండాల్సిన చోట నీరు చేరితే మనిషి ఎంత పీల్చినా చాలదు. పడుకుంటే కాళ్లలోని నీరూ పైకొస్తుంది. అందుకే ఆ దిండ్లు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే అవీ ఆదుకునేవి కావు.”

కొండల్ తన గోరు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆక్సిజన్ పెట్టారు, నీరు తీసేసే మందులిచ్చారు. రెండు వారాలకు ఆండాలు ఇంటికొచ్చింది. మందులు రోజూ వేసుకోవాలి, ఉప్పు తగ్గించాలి. ఇంటిల్లిపాదికీ చప్పిడి కూరలే. కొండల్ ముఖం చూస్తే జబ్బు అతనికే వచ్చిందనుకోవాలి.

ఆమె ఇంటికొచ్చిన ఉదయం పాలకొచ్చినవాళ్లంతా మెట్ల కింద చేరారు. ఆండాలు మెల్లగా ఎక్కుతుంటే స్వీటీ పైకే లెక్కపెడుతోంది. తొమ్మిదో మెట్టు మీద ఆండాలు ఆగింది. కింద అందరూ మెడలెత్తి చూశారు.

“ఏందట్ల చూస్తున్నరు? పిల్లి ఏడవోయిందోనని ఆగిన!” అని మిగతా తొమ్మిదీ ఎక్కేసింది.

కాసేపటికి పైనుంచి ఒకటి, రెండు, మూడు దిండ్లు కొండల్ నెత్తిన పడ్డాయి. “తీస్కో నీ సొత్తు! నాకిగ ఒక్కటి చాలు.”

జనం గొల్లున నవ్వారు. మూడింటినీ రెండు చేతులా పొదివి పట్టుకుని కొండల్ గొంతు సవరించుకున్నాడు.

“నవ్వుండ్రి, మంచిగ నవ్వుండ్రి. గని ఒక్క మాట ఇనుండ్రి. పాలల్ల చుక్క నీళ్లున్నా పట్టేటోన్ని, పెండ్లాం ఊపిరిల నీళ్లు చేరితే నఖ్రాలన్న. ఇంట్ల ఆడమనిషి ఆగి దమ్ము తీస్కుంటే ఎందుకని అడగాలె, దవాఖానకు తీస్కపోవాలె. నేను అడగలె. ఆండాలూ, తప్పు నాదే!”