వెలుతురుకు పన్నెండు మార్కులు

"పట్టపగలు లైటు ఏమిటికి వేసినావు?" అని మా ఆయన ఓబులేష్ ఇరవై రెండేళ్ళుగా అడుగుతూనే ఉన్నాడు. కాఫీ కోసం వంటింటి గుమ్మం దాకా వస్తాడు, నా నెత్తిమీదున్న ట్యూబ్‌లైటు వైపు ఒకసారి చూస్తాడు, అడుగుతాడు. బయట ఎనిమిది గంటల ఎండ వీధంతా పరుచుకుని ఉంటుంది, నిజమే. ఆ ఎండకు మా వంటింటికి రావడానికి దారి లేదన్న సంగతి మాత్రం అతనికి తట్టదు. ఒక్కసారి లైటు ఆపేసి, కత్తిపీట అతని ముందు పెట్టి, ఈ బీన్స్ తరిగి చూపించండి అందామని చాలాసార్లు నోటిదాకా వచ్చేది. కాఫీ ఇచ్చి పంపేదాన్ని.

మా ఇల్లు ఊరి నడిమి పాత బజారు, నగర్తపేటలో. కింద కొట్టు, పైన మేము. కొట్లో బొత్తాలు, లేసులు, చీర అంచులు హోల్‌సేల్‌గా అమ్ముతారు. మా సందులో ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి కాబట్టి కిటికీ పెట్టుకోవాలంటే వీధి వైపే పెట్టుకోవాలి. వీధి వైపు గోడేమో వ్యాపారానిది. ఎవరూ రాసిపెట్టలేదు గానీ పేటలో అందరి ఇళ్ళలోనూ అదే పద్ధతి. ముందు సరుకు గది, దాని వెనక మగవాళ్ళు కూర్చునే గది, ఆ వెనక దేవుడు, ఇక మిగిలిన నడిమి చీకట్లో పొయ్యి. పెళ్ళయి వచ్చిన మర్నాడు మా అత్త సొన్నమ్మ నన్ను వంటింట్లోకి తీసుకుపోయి, "ఈడ పగలూ రాత్రీ తెల్దు, గోడకు గడియారం పెట్టుకో" అని చెప్పింది. ఆమె నవ్వకుండానే చెప్పింది, నేనూ నవ్వకుండానే గడియారం తగిలించాను.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఊరి చివర హూడిలో ఒక ఆర్కిటెక్ట్ దగ్గర తొమ్మిదేళ్ళుగా ఇళ్ళ ప్లాన్లు గీస్తున్నాను. పొద్దున పొయ్యి పని నాది, పగలంతా అత్తది, సాయంత్రం మెట్రో దిగి వచ్చాక మళ్ళీ నాది. ఆఫీసులో నేను గీసే వంటిళ్ళకు రెండు వైపులా గాలి, బయట బట్టలారేసుకునే చోటు, తూర్పు కిటికీ. వాటిని చూడ్డానికి వచ్చిన ఇంటి యజమానులు నాకేసి ఖాళీ టీ కప్పు చాపి, "ఇంజినీరు గారు వచ్చారా అమ్మా?" అని అడుగుతారు. ఆ కప్పు పక్కన పెట్టి, మీ వంటిల్లు గీసింది నేనేనండీ అంటే వాళ్ళు పడే కంగారు చూడాలి. ఆ సరదా కోసమే ఒక్కోసారి చెప్పకుండా కాసేపు ఆగుతాను.

కిందటేడు పాత పేటల ఇరుకు సందుల కోసం కొత్త నిబంధన వచ్చింది. పాత చట్టం ప్రకారం ఇంటి చుట్టూ మూడడుగులు వదలాలి. పద్దెనిమిది అడుగుల వెడల్పున్న మా స్థలంలో అటు మూడు, ఇటు మూడు వదిలితే మెట్లూ ఒక మంచమూ పడతాయి. అందుకే అందరూ కాగితం మీద వదిలి, నేల మీద కట్టేసుకునేవాళ్ళు. కొత్త నిబంధన ఎక్కడ ఎంత వదలాలో చెప్పదు. వాన నీళ్ళు పడితే ఇన్ని మార్కులు, స్నానాల నీళ్ళు మళ్ళీ వాడితే ఇన్ని, మట్టినేల ఉంచితే ఇన్ని, మిద్దె మీద సోలార్ పెడితే ఇన్ని అంటుంది. అరవై మార్కులు వస్తే ఇంకో అంతస్తు వేసుకోనిస్తారు. పగలు మనుషులు ఎక్కువసేపు ఉండే గదికి లైటు అక్కర్లేకపోతే పన్నెండు మార్కులు. ఆ వాక్యం మెట్రోలో రెండుసార్లు చదివి, దిగాల్సిన స్టేషన్ దాటిపోయాను. ఏ చట్టమైనా మా వంటింటి గురించి అడగడం నేను చూడటం అదే మొదలు. ఎదుటి ప్లాట్‌ఫారం మీద వెనక్కి పోయే రైలు కోసం నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ నిబంధన వచ్చిందనే మా ఇల్లు పడగొట్టి కట్టాలని బావ నిర్ణయించాడు. బావంటే మా ఆయన అన్న నాగరాజ్, కొట్టూ ఇల్లూ ఆయన మాట మీదే నడుస్తాయి. కొత్త అంతస్తు సరుకు కోసం. స్నేహితుడి మేనల్లుడైన ఇంజినీరును పిలిపించాడు. ఇంట్లో ప్లాన్లు గీసే మనిషినొకదాన్ని పెట్టుకుని బయటి నుంచి పిలిపించిన సంగతి నాకు ఎలా తెలిసిందంటే, వాళ్ళకు కాఫీ తీసుకుపోయినప్పుడు బల్ల మీద పరిచిన కాగితం కనబడి తెలిసింది. ట్రే ఎక్కడ పెట్టాలో చూస్తూ ఒక్క చూపులో మొత్తం చదివేశాను. కొత్త ఇల్లు, కొత్త సిమెంటు, నడుమ అదే చీకటి వంటిల్లు. ఇంటిని బతుకులో ఒక్కసారే కట్టుకుంటారు, అందులోనే నేను ముసలిదాన్నవుతాను. అందుకే నోరు తెరిచి, వంటిల్లు వీధి వైపు పెట్టొచ్చు బావా అన్నాను.

బావ కోప్పడలేదు, పిల్లలకు చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. "అది నీ ఆఫీసు పని శశీ. ఇది ఇల్లు."

మా ఆయన కూడా వచ్చినతన్ని చూపిస్తూ, ఆయప్ప ఇంజినీరు, ఆయప్పకు తెల్దా అన్నాడు. ఇంజినీరు కాఫీ తాగుతూ బాగుందన్నాడు, కాఫీ సంగతే. లోపలికొచ్చి లైటు కింద నిలబడితే ఒళ్ళు మండిపోయింది. తొమ్మిదేళ్ళుగా ఊళ్ళో వాళ్ళందరి ఇళ్ళూ నా చేతుల మీదుగా పోతుంటే, నా ఇల్లు మాత్రం నాకు ట్రే మీద నుంచి కనబడింది. అత్త నా మొహం చూసి, చపాతీ పిండి నా ముందుకు జరిపింది. ఆ పూట పిండి బాగా మెత్తగా వచ్చింది.

ప్లాను కార్పొరేషన్ ఆఫీసుకు పోయింది. మార్కులు ఒట్టి కాగితం చూసి వేయరు, పాత ఇల్లు వచ్చి చూసి, ఏ గదిలో ఎవరెంతసేపు ఉంటారో ఇంట్లో వాళ్ళను అడిగి వేస్తారు. ఒక శనివారం జ్ఞానప్రకాశం అనే అధికారి వచ్చాడు. పొట్టిగా, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, చూసిన ప్రతిదీ రాసుకునే మనిషి. నాకు శనివారం సెలవు కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. బావ ఆయన్ను నేరుగా ముందు గదిలోకి తీసుకుపోయాడు. పన్నెండు మార్కుల దగ్గర మనుషులుండే గదిగా దాన్నే చూపించారట, కొత్త ప్లానులోనూ అది ఉన్నచోటే ఉంటుంది, వీధి కిటికీ ఉన్న గది అదొక్కటే కదా. ఆ కిటికీకి నిలువునా మందపాటి నీలం తార్పాలిన్ వేలాడుతోంది. ఎండ తగిలితే లేసుల రంగు వెలిసిపోతుందని బావే ఎన్నో ఏళ్ళ కిందట మేకులు కొట్టించాడు. మార్కుల కోసం ఆ కిటికీని లెక్కలోకి వేసుకునేటప్పుడు తార్పాలిన్ సంగతి ఆయనకు గుర్తే లేదు. ఎప్పుడూ మూసి ఉండే కిటికీ కిటికీలాగా కనబడదు కాబోలు.

జ్ఞానప్రకాశం తార్పాలిన్ అంచు వేలితో ఎత్తి, రెండు తుమ్ములు తుమ్మి, మళ్ళీ వదిలేశాడు. పగలు ఈ గదిలో ఎక్కువసేపు ఎవరుంటారని అడిగాడు. సరుకు ఉంటుందన్నాడు బావ.

"సరుకు సరే అప్పా. మనుషులు యాడ ఉంటారు?"

బావ మా ఆయన్ను చూశాడు, మా ఆయన కిటికీని చూశాడు. నేను చెబుదామనుకునే లోపల, చేతులకంటిన పసుపు కొంగుకు తుడుచుకుంటూ అత్త గుమ్మంలోకి వచ్చింది.

"నేనుండాను సార్. యాభై ఏండ్లుగా ఈ ఇంట్లోనే ఉండాను. రాండి, చూపిస్తా."

ఆయన ఆమె వెనకే నడిచాడు. వాళ్ళ వెనక మేమందరం. అధికారికి కనబడాలి కదా అని మా ఆయన పరుగున ముందుకుపోయి, వంటింట్లో అత్త ఆర్పి వచ్చిన లైటు స్విచ్ వేశాడు. ట్యూబ్‌లైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. గోడ మీద గడియారం పదకొండూ పది చూపిస్తోంది. జ్ఞానప్రకాశం పైకి చూసి, కళ్ళజోడు కిందికి దింపుకుని, కాగితం మీద ఒక గీత గీశాడు. అరవై మూడు అనుకున్న మార్కులు యాభై ఒకటయ్యాయి. పది రోజుల్లో మార్చిన ప్లాను ఇస్తే మళ్ళీ చూస్తానని చెప్పి, అత్త ఇచ్చిన మజ్జిగ తాగి పోయాడు. మా ఆయన చెయ్యి ఇంకా స్విచ్ మీదే ఉంది. నేను అతని వైపు చూసి ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడంలో ఎంత సుఖముందో ఆ రోజే తెలిసింది.

బావ ఇంజినీరుకు ఫోను చేశాడు. అతను ఇంకా సోలార్ పలకలు పెడదామన్నాడట, వాటికి వచ్చే మార్కులన్నీ ముందే వచ్చేశాయి. భోజనాల దగ్గర ఇంకో మంచి ఇంజినీరు ఎవరున్నారని బావ ఆలోచిస్తుంటే అత్త ఆయన విస్తట్లో పప్పు వేస్తూ అంది.

"గీసేది ఇంట్లోనే ఉండాది కదప్పా. బయట యాడ వెతుకుతా ఉండావు?"

గీస్తాను గానీ ఒక మాట, అన్నాను నేను. నేను గీసిన గీత ఎవరూ జరపకూడదు, ప్లాను మూలన గీసినవాళ్ళ పేరు దగ్గర శశికళ అని ఉండాలి. బావ కాసేపు పప్పన్నం కలిపి, మాకు అంతస్తు రావాల, అంతే అన్నాడు.

ఆదివారం పొద్దునే లేసుల కట్టలు పక్కకు నెట్టి, ముందు గదిలోనే బల్ల వేసి లాప్‌టాప్ పెట్టుకుని, తార్పాలిన్ పీకేసి కూర్చున్నాను. ఆ గదిలో అంత ఎండ ఉందని నాకూ తెలియదు. వంట ఎవరు చేశారో అడగలేదు, హోటలు నుంచి ఇడ్లీలు వచ్చినట్టున్నాయి. గీస్తుంటే నవ్వొచ్చింది, అంత సులువు. లేసులకు చీకటి కావాలి, మనుషులకు వెలుతురు కావాలి. ఇన్నేళ్ళూ లేసులను ఎండలో పెట్టి తార్పాలిన్ కట్టాం, ఆడవాళ్ళను చీకట్లో పెట్టి లైటు కట్టాం. సరుకు గది నడిమికి పోయింది, వంటిల్లు వీధి మీదికి వచ్చింది. వెనక మూల ఆరడుగుల మట్టినేల, వాన ఇంకడానికి. దానికో నాలుగు మార్కులు. మొత్తం అరవై ఏడు. మూలన నా పేరు టైపు చేసి, అక్షరాలు కాస్త పెద్దవి చేసి, ఎవరైనా నవ్వుతారేమోనని మళ్ళీ చిన్నవి చేసి, నవ్వితే నవ్వనీ అని పెద్దవే ఉంచేశాను.

సాయంత్రం బావ చూసి, ఇక లేసుల రంగు పోదు అన్నాడు. ఈ ఆలోచన తనకెప్పుడో వచ్చిందని పక్క కొట్టు రామాంజినప్పకు చెబుతుండగా నేనూ అత్తా మెట్ల మీద కూర్చుని విన్నాం. అత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆమె అంతగా నవ్వడం నేను చూడలేదు.

తర్వాత మా ఆయన వచ్చి నా భుజం పక్కన నిలబడి స్క్రీన్ చూశాడు. వంటింటి కిటికీ మీద వేలు పెట్టి కొలిచాడు. అతని మొహంలో నిజమైన సంతోషం.

"ఎంత పెద్ద కిటికీ శశీ. వీధంతా కనిపిస్తాది, గాలి వస్తాది. ఇంక నీకేం, దినమంతా వంటింట్లోనే ఉండిపోవచ్చు."

ప్రేమగానే అన్నాడు. నాకు తెలుసు, అందుకే కోపం రాలేదు. కానీ మౌస్ మీద నా చెయ్యి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ వెలుతురు కోసం కొట్లాడుతూ, ఆ వెలుతురులో ఎవరు నిలబడాలో అడగడం మరిచిపోయాను. అడిగినవాళ్ళు ఎవరూ లేరు, ఆ అధికారితో సహా. తొమ్మిదేళ్ళలో నేను గీసిన వంటిళ్ళన్నీ కళ్ళముందు తిరిగాయి. అన్నిట్లోనూ వంటగట్టు ఎత్తు ముప్ఫై రెండు అంగుళాలు. అది ఎవరి నడుము కొలతో ఏ మగాడూ అడగలేదు, నేనూ అడగలేదు. కిటికీ ఎంత పెద్దదైనా ఆ అంకె మారకపోతే ఏమీ మారనట్టే.

సంచిలోంచి టేపు తీశాను. ఇట్ల రాండి, నిటారుగా నిలబడండి అన్నాను. చొక్కా కొలతలనుకుని సంబరంగా చేతులు చాపి నిలబడ్డాడు. చేతులు మడవమని, నేల నుంచి మోచెయ్యి దాకా కొలిచి, అందులోంచి ఆరంగుళాలు తీసేసి, ప్లానులో ముప్ఫై రెండు చెరిపి ముప్ఫై ఏడు కొట్టాను.

ఎన్నో నంబరు చొక్కా అని అడిగాడు మా ఆయన.

"చొక్కా కాదు, వంటగట్టు," అన్నాను. "మీ ఎత్తుకు వేస్తా ఉండాను."