నేరుగా ఇంటికి పోకూడదు

ఇగ్మేని ఇద్దరు మనుషులు రెక్కలు పట్టుకుని తెచ్చి ఐసు ఫ్యాక్టరీ గేటు బయట గట్టుమీద కూర్చోబెట్టారు. అతని సంచీ అతని ఒళ్ళో పెట్టారు. లోపలికి పోయి గడియ వేసుకున్నారు. రోడ్డుకి ఇవతల ఉప్పుపాకలో దొరికిన కాసిని చేపలు చీరుతున్న ఆడవాళ్ళందరూ అది చూశారు.

ఆ ఫ్యాక్టరీలో ఐసు తయారవడం ఏనాడో ఆగిపోయింది. మందుల కంపెనీ దాన్ని అద్దెకు తీసుకుని, సున్నం కొట్టించి, మంచాలు వేసింది. ఒంట్లో ఏ రోగమూ లేనివాళ్ళకి కొత్త నొప్పిమాత్ర మింగించి, రక్తం తీసి, ఆ మాత్ర మనిషిని ఏం చేస్తుందో చూస్తారు. ఉన్నన్నాళ్ళూ తిండి పెడతారు, పోయేటప్పుడు డబ్బిస్తారు. నవోటాస్ చేపల రేవులో జనానికి మాత్రం అది ఇప్పటికీ ఐసు ఫ్యాక్టరీయే.

చారింగ్ చేతిలో కత్తి అక్కడే వదిలేసి రోడ్డు దాటింది. ఇగ్మే ఆమె తమ్ముడు. అతని కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి.

"ఏంటయ్యా ఇది?" అని గేటు సందులోంచి కాపలావాణ్ణి అడిగింది.

"ఇతని పరీక్ష అయిపోయిందమ్మా. ఇంటికి తీసుకుపొమ్మన్నారు."

"ఒంట్లో బాగాలేని మనిషిని బయట కూర్చోబెడతారా?"

"బాగాలేదనేగా పరీక్షలోంచి తీసేసింది."

హమాలీలు చేపల తొట్లు లాగే బండి తెచ్చారు. ఇగ్మే పదిహేనేళ్ళు లాగిన బండే అది. దానిమీదే అతన్ని పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. దారిలో అతను ఒక్కసారి కళ్ళు తెరిచి, "బండి కడగలేదేంట్రా, కంపు కొడతంది," అన్నాడు. లాగుతున్నవాడు నవ్వబోయి ఊరుకున్నాడు. వారం తిరగకుండా ఆసుపత్రి వరండాలో ఇగ్మే పోయాడు.

శవపేటికని ఇంటి ముందు సందులోనే పెట్టి, పైన పట్టా కట్టారు. వచ్చినవాళ్ళకి కాఫీ, పుచ్చగింజలు. పేకాడేవాళ్ళు ఆడుతున్నారు, గెలిచిన దాంట్లో కొంత తీసి చావింటివాళ్ళ డబ్బాలో వేస్తున్నారు. ఇవన్నీ మామూలే. మామూలు కానిది ఒక్కటే. ఇగ్మే పెళ్ళాం లూమింగ్ ఎక్కణ్ణుంచో ఒక కోడిపిల్లని తెచ్చి పేటిక మూతకున్న అద్దంమీద వదిలింది. దాని ముందు నాలుగు బియ్యపు గింజలు చల్లింది.

అది చూసి పెద్దవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఎవరైనా చంపితే చచ్చినవాడి పేటికమీదే ఆ రేవులో కోడిపిల్లని వదులుతారు. అది గింజ పొడిచినప్పుడల్లా చంపినవాడి గుండెలో పొడిచినట్టు ఉంటుందని నమ్మకం.

"ఇగ్మేనెవరూ చంపలేదు కదే అమ్మాయీ," అందొక ముసలమ్మ మెల్లగా.

లూమింగ్ కోడిపిల్లని అద్దం మధ్యకి జరిపింది. చారింగ్ ఇంట్లోకి పోయి ఇంకాసిని బియ్యం తెచ్చి వేసింది.

మధ్యాహ్నం ఎండలో మేస్త్రీ రొదాంతె మోటారు సైకిలు దిగాడు. హమాలీలకి రోజూ పొద్దున చొక్కాలమీది నంబర్లు పిలిచి పని ఇచ్చేది అతనే. ఉప్పుపాకలో ఎవరు కూర్చోవాలో, ఎవరు కూర్చోకూడదో చెప్పేదీ అతనే. కవళ్ళ చేపలు పట్టకూడదని ప్రభుత్వం గడువు పెట్టి, చాలా పడవలు ఒడ్డునే ఉండిపోయినప్పటినుంచీ ఐసు ఫ్యాక్టరీకి మనుషుల్ని పంపేది కూడా అతనే అయ్యాడు. చంకలో బిస్కెట్ల డబ్బా ఉంది. టోపీ తీసి పేటిక దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"ఇదేంటి?"

"కోడిపిల్ల, మేస్త్రీ," అంది బేబాంగ్. ఉప్పుపాకలో చారింగ్ పక్కన కూర్చునే మనిషి, నోరు కాస్త పెద్దది. "ఎప్పుడూ వేయించుకుని తినడమే గానీ, బతికున్నదాన్ని చూళ్ళేదా?"

"అది చంపినవాళ్ళకి గదా పెట్టేది."

"అవును," అంది లూమింగ్. పొద్దుటినుంచీ ఆమె నోటినుంచి వచ్చిన మొదటి మాట అదే.

రొదాంతె చారింగ్‌ని పక్కకి పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"అక్కా, నీకు తెలిసే ఉంటాది. ఇగ్మేకి నిరుడు వానల్లో కామెర్లు వచ్చాయి. కంపెనీకి చెప్పలేదు. మొదట రక్తం తీసినప్పుడు వాడు పోలేదు, వాడి నంబరు చొక్కా వేసుకుని ఇంకెవడో పోయాడు. లెక్కప్రకారం వాడే కంపెనీని మోసం చేశాడు. అయినా వాళ్ళు మంచోళ్ళు. ఖననం ఖర్చు పెట్టుకుంటామన్నారు. తప్పు మావాడిదేనని నువ్వూ లూమింగూ సంతకం పెడితే చాలు."

"ఇంకా?"

"ఇంకేంటంటే, రేపటినుంచి ఆడవాళ్ళ జట్టు లోపలికి పోతంది. నీ పేరు మొదట రాయించా. నువ్వు పోతే పాకంతా పోతాది."

"నేను పోకపోతే?"

రొదాంతె టోపీ చేతిలో తిప్పుకున్నాడు. "చేప తిరిగి వచ్చినప్పుడు పాకలో కూర్చోవాలనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు అక్కా. నేను బలవంతం పెడతన్నానా? ఎవరిష్టం వాళ్ళది. పొద్దుగూకేలోపు కబురు చెప్పు."

కాయితం ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

చారింగ్ బల్లమీద కూర్చుంది. ఆమెకి అలుపుగా ఉంది. ఏడవడానికి కూడా ఓపిక కావాలి. మొగుడు నడుము విరిగి మంచంలో ఉన్నాడు. లూమింగ్‌కి ముగ్గురు పిల్లలు. తను కాదంటే తనొక్కతే రోడ్డున పడదు, పాకలోవాళ్ళు అందరూ పడతారు. అవునంటే తమ్ముణ్ణి బయట కూర్చోబెట్టిన ఆ గేటులోంచే తనూ లోపలికి పోవాలి, పదిమందిని వెంటబెట్టుకుని.

"పోదాం అక్కా," అంది బేబాంగ్. "నన్ను తిట్టినా సరే. మా చిన్నదానికి పాలు నీళ్ళయిపోయాయి. అందరికీ కామెర్లు ఉన్నాయా ఏంటి? మొదటి జట్టులో మిగతావాళ్ళు బాగానే తిరిగొచ్చారు గదా. ఒళ్ళు కూడా చేశారు."

"అదృష్టం బాగుండి వచ్చారు," అన్నాడొక హమాలీ.

"మన బతుకులో అదృష్టం లేకుండా అయ్యే పనేముంది? నువ్వు సముద్రంమీదకి పోవా?"

"సముద్రం కాయితంమీద సంతకం అడగదే."

కొందరు నవ్వారు. పేకాట ఆగింది. మాటలు పెరిగాయి. ఇగ్మే అబద్ధమాడకుండా ఉండాల్సిందని ఒకరన్నారు. ఆడకపోతే ఏం తినేవాడని ఇంకొకరన్నారు. వాడి బదులు రక్తమిచ్చిన వెధవ ఎవడో తెలిస్తే కాళ్ళు విరగ్గొట్టాలని మూడోవాడు అన్నాడు.

"అయితే విరగ్గొట్టు," అన్నాడు మాంగ్ టెమ్యో.

అందరూ అటు తిరిగారు. టెమ్యో హమాలీల సంఘం పెద్ద. జుట్టంతా తెల్లబడింది, ముందరి పళ్ళు లేవు. రేవులో అతన్ని వట్టి పేరుతో పిలిచేవాళ్ళు లేరు, పెద్దాయన అనో, గౌరవంగా ముందు మాంగ్ అని చేర్చో పిలుస్తారు.

"వాడు వచ్చి చొక్కా ఇచ్చాడు. 'మాంగ్ టెమ్యో, ఇవాళ ఒక్కరోజు,' అన్నాడు. నేను ఎందుకని అడగలేదు. మనం ఎప్పుడన్నా అడిగామా? జొరమొస్తే చొక్కా పక్కోడికిస్తాం. వాడు మన నంబరుమీద లాగుతాడు, మన చోటు పోకుండా ఉంటాది. అలాగే వేసుకున్నా. తాగుడు లేని రక్తం కదా, పాసయింది."

 పేటికమీద కోడిపిల్ల గోళ్ళ చప్పుడు వినిపించింది.

"మాంగ్ టెమ్యో," అంది చారింగ్ చివరికి. "ఆ పరీక్షకి ఎంత వయసు లోపు వాళ్ళని తీసుకుంటారు?"

"నలభై ఐదు అన్నారు."

"నీకెంత?"

"అరవై దాటాయి."

"సూది గుచ్చినవాడు నీ మొహం చూళ్ళేదా?"

పెద్దాయన ఆలోచించాడు. "చొక్కామీద నంబరు చూసి మణికట్టుకి చీటీ కట్టాడమ్మా. తలెత్తలేదు. నేను నమస్కారం కూడా పెట్టా."

చారింగ్ లేచి నిలబడింది. ఆమెకి అప్పటికప్పుడు కోపం రాలేదు. చాలాసేపు మోసిన బరువుని ఏ భుజంమీదకి మార్చుకోవాలో తెలిసినట్టయింది, అంతే.

"మేస్త్రీ ఎప్పుడూ చొక్కాలో ఎవడున్నాడో చూడడు, నంబరు పలికితే చాలు. అది మనకి మేలని మనం అనుకున్నాం. వాళ్ళూ అంతే, చెయ్యి దొరికితే చాలు. ముసలాడి చేతికి, పడుచోడి చేతికి తేడా చూళ్ళేదు. ఇప్పుడు తప్పు ఇగ్మేదంట. దీనిమీద నేను సంతకం పెట్టాలంట." కాయితం మడిచి కాఫీ గిన్నె కింద పెట్టింది. "రొదాంతె ఎటు పోయాడు?"

"ఐసు ఫ్యాక్టరీకే," అంది సందు చివర దుకాణంలో కూర్చున్న పిల్ల. "చావింటినుంచి నేరుగా ఇంటికి పోకూడదు గదా. దయ్యం వెంట వస్తదని ముందు అక్కడికి పోయాడు."

ఆ రేవులో అందరూ పాటించే పద్ధతే అది. చావు చూసినవాళ్ళు ఎక్కడో ఒకచోట ఆగి, చచ్చినవాణ్ణి అక్కడ దులుపుకుని గానీ ఇల్లు చేరరు. రొట్టెల కొట్టు దగ్గరో, బస్సు దిగేచోటో కాసేపు నిలబడతారు.

"పాపం ఇగ్మే," అంది బేబాంగ్. "చచ్చినా అక్కడికే పంపాడు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. చారింగ్ తలగుడ్డ బిగించుకుంది.

"ఇవాళ ఎవరూ రొట్టెల కొట్టు దగ్గర ఆగొద్దు," అంది.

లూమింగ్, ముసలమ్మలు పేటిక దగ్గర ఉండిపోయారు. మిగతావాళ్ళు నడిచారు. నినాదాలు లేవు, జెండా లేదు. టెమ్యో చేతిలో ఇగ్మే నంబరు చొక్కా ఉంది. రొట్టెల కొట్టు దగ్గర మామూలుగా ఆగబోయినవాళ్ళు కూడా వాళ్ళ వెనకే వచ్చారు. గేటు ముందు అప్పటికే రేపటి జట్టు కోసం ఎత్తు, బరువు చూపించుకోవడానికి ఆడవాళ్ళు వరసలో ఉన్నారు. వరస పక్కనే చావింటి జనం ఎండలో కూర్చున్నారు. తలుపు సందులోంచి చూసిన రొదాంతె బయటికి రాలేదు.

వచ్చింది డాక్టరమ్మ. పిల్ల, పాతికేళ్ళుంటాయి. నిద్రలేని కళ్ళు.

"మీ బాధ నాకు అర్థమవుతుందండీ. కానీ ఆయన మాకు నిజం చెప్పలేదు. తెలిసుంటే అసలు తీసుకునేవాళ్ళమే కాదు."

"తెలిశాకేం చేశారు?" అంది చారింగ్. "కళ్ళు పచ్చబడ్డాక?"

డాక్టరమ్మ తల దించుకుంది. "నిర్ణయం నాది కాదండీ."

"ఇక్కడ ఏదీ ఎవరిదీ కాదు. మేస్త్రీ బలవంతం పెట్టలేదంటాడు. కాపలావాడు చెప్పింది చేశానంటాడు. మా తమ్ముడిది మాత్రం తప్పు." టెమ్యోని ముందుకి రమ్మంది. "ఈయన్ని చూడమ్మా. మీరు రక్తం తీసింది ఈయన దగ్గర. ఈ మొహం ఇగ్మే మొహమా?"

డాక్టరమ్మ పెద్దాయన్ని చూసింది. చాలాసేపు చూసింది. 

"మాకు మందు వద్దని కాదమ్మా. ఎవరో ఒకరు ముందు మింగితే గానీ మందు మందవదు, మాకా మాత్రం తెలుసు. మేం రావాలంటే మా మొహం చూసి తీసుకోండి. జబ్బు చేస్తే నయమయ్యేదాకా లోపలే ఉంచుకోండి. మేస్త్రీ మధ్యన ఉండకూడదు. మా సంఘం పాకలో కూర్చుని, మా మాటల్లో చెప్పండి. అప్పటిదాకా ఉప్పుపాక ఈ గుమ్మం తొక్కదు."

వరసలోంచి ఒకామె పక్కకి జరిగింది. తర్వాత ఇంకొకామె. సగానికి పైగా వచ్చి ఎండలో కూర్చున్నారు. కొందరు కదల్లేదు. సందులోంచి తమతోపాటే నడిచివచ్చిన బేబాంగ్ ఆ వరస చివర పోయి నిలబడింది. చారింగ్‌వైపు చూడలేదు. చారింగ్ ఆమెని పిలవలేదు. పాలు నీళ్ళయిపోయిన మాట నిజమే.

టెమ్యో చొక్కాని గేటు చువ్వలకి తగిలించాడు. కాపలావాడు తీయబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చచ్చినవాణ్ణి దులిపిన గుడ్డని ఎవడు ముట్టుకుంటాడు?

పోలీసు జీపు వచ్చింది. లోపలివాళ్ళే కబురు పెట్టారు. కంపెనీని మోసం చేసి ఒకడి పేరున ఇంకొకడు రక్తం ఇచ్చాడని ఫిర్యాదు. ఇచ్చినవాడు తన నోటితోనే ఒప్పుకున్నాడు గనుక వెతికే పని లేకపోయింది. టెమ్యో తనే జీపు ఎక్కాడు. మోకాళ్ళు పట్టేస్తే ఒక హమాలీ కింద చెయ్యి పెట్టి ఎక్కించాడు.

"రేపు పొద్దున నా నంబరు ఎవరు లాగుతార్రా?" అన్నాడు పెద్దాయన లోపల్నుంచి.

"రేపు ఎవరూ ఎవరి నంబరూ లాగరు," అంది చారింగ్.

జీపు కదిలింది. రేవు రోడ్డులో జీపు ఎప్పుడూ మనిషి నడకకంటే వేగంగా పోలేదు. జనం దాని వెనకే నడిచారు. పోలీసులు స్టేషను ముందు దిగి చూసేసరికి మెట్లనిండా మనుషులు. హమాలీలు కొందరు చొక్కాలు విప్పి భుజాన వేసుకున్నారు. పొద్దు వాలుతోంది. బేబాంగ్ అందరికంటే ఆలస్యంగా వచ్చి చారింగ్ పక్కన చతికిలబడింది.

"తలుపులేశారక్కా. రేపు రమ్మన్నారు."

"పోతావా?"

బేబాంగ్ గుడ్డ ముడిలోంచి పుచ్చగింజలు తీసి చారింగ్ చేతిలో కొన్ని పోసింది.

స్టేషను అధికారి బయటికి వచ్చాడు. మంచిగానే చెప్పాడు. "పెద్దాయనకేం కాదమ్మా. రాయించుకుని చూద్దాం. ఇక్కడ గుంపు ఉండకూడదు. చీకటి పడకముందే అందరూ ఇళ్ళకి పొండి."

చారింగ్ తలెత్తి అతన్ని చూసింది. అతనిదీ ఆ రేవే.

"చావింటినుంచి వస్తన్నాం బాబూ," అంది. "నేరుగా ఇంటికి పోకూడదు."