నూట ఎనభై మూడో మీటరు

"తియ్యమ్మా, రోజూ చెప్పాలా? పుస్తెలు తీసి డబ్బాలో వెయ్యి."

గోదాము గేటు దగ్గర కాంట్రాక్టర్ వెంకట్రావు రేకుడబ్బా పట్టుకొని నిలబడ్డాడు. భాగ్యశ్రీ తల వంచి పసుపుతాడు తీసింది. ఆమె వెనక పదకొండు మంది ఆడవాళ్లం. ఉంగరాలు, ముక్కుపుడకలు, కమ్మలు అన్నీ ఆ డబ్బాలోకే. ఆ పైన రవికెల్లో చెయ్యి పెట్టి వెతకడానికి ఒకామెను పెట్టాడు. మా ఒంటి మీది బంగారం పిసరంత రాలి రాతిపొడిలో కలిసినా పరీక్ష తప్పుతుందట.

"వదినె మొగడు బతికుండంగనే దినానికోసారి ముండమోపిని చేస్తున్నవ్ గద సారూ," అంది ప్రీతి. డిగ్రీ చదువుతూ పనికొచ్చే పిల్ల, నోరు ఆగదు.

"సాయంత్రం మళ్లీ ముత్తైదువని చేసి పంపుతున్నానుగా," అని నవ్వాడు వెంకట్రావు.

అది ఉస్మాన్‌గంజ్‌లో ఒకప్పటి బెల్లం గోదాము. చివరి బస్సు దిగి పగలంతా నడిస్తే గాని చేరలేని ఒక కొండను కంపెనీ గుత్తకు పట్టింది. ఆ కొండ కడుపులో బంగారం, రాగి నరాలు ఎంత లోతున పాకాయో చూడటానికి మిషన్‌తో సన్నటి బొరియలు వేస్తారు. చెరకుగడల్లాంటి రాతికడ్డీలు బయటికొస్తాయి. వాటిని పొడుగాటి పెట్టెల్లో పేర్చి, జీపులో కిందికి దించి, అక్కడి నుంచి లారీలో మాకు పంపుతారు. మేము రంపం మీద నిలువునా చీలుస్తాం. ఒక సగాన్ని పొడి చేసి పరీక్షకు పంపుతాం. రెండో సగం పెట్టెలోనే ఉంటుంది, రేపు కొండను కొనబోయేవాళ్లు చూసుకోవడానికి. పొడి మాత్రం మా ఊపిరితిత్తుల్లో ఉంటుంది. "దగ్గు వస్తే బయటికి వెళ్లి దగ్గవలెను" అని గోడ మీద రాయించాడు వెంకట్రావు.

నా పేరు ఆగమ్మ. అందరూ పెద్దమ్మ అంటారు. వచ్చిన పెట్టెలు తెరవడం, కడగడం నా పని. నేను బడికి పోలేదు. నా పెనిమిటి ఆనకట్ట పనికి పోయి అక్కడే చనిపోతే ఆ కబురు కార్డు మీద వచ్చింది. చదవడం రాక నాలుగు రోజులు దేవుడి పటం వెనక దాచి, క్షేమమని రాసుంటాడనుకున్నాను. ఆ తర్వాతే, మిరపకాయల తొడిమలు తీస్తూ పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పటికీ ఎవరు పనికని గడప దాటినా తిరిగొచ్చేదాకా వాకిట్లోనే కూర్చుంటాను.

భాగ్యశ్రీ మొగుడు అంజన్ ఆ కొండ మీద మిషన్ దగ్గర పని చేసేవాడు. ఛత్రినాకలో మా పక్కింటివాళ్లే. కొండ మీద ఫోన్ పలకదు. అయితే ప్రతి మూడు మీటర్ల రాతికీ ఒక చెక్కబిళ్ల పెట్టి, దాని మీద లోతు రాయాలి. రాసేది అంజనే. అంకె పక్కన ఒక చుక్క పెట్టేవాడు. ఆ చుక్క భాగ్యశ్రీకి. బాగున్నానని చెప్పడం. ఆమె పొడి మిషన్ మీద ఉండేది. నేను పెట్టె తెరవగానే అక్కడి నుంచే అరిచేది:

"చుక్కుందా పెద్దమ్మా?"

"ఉంది బిడ్డా!"

నూట ఎనభై, చుక్క ఉంది. నూట ఎనభై మూడు, చుక్క ఉంది. నూట ఎనభై ఆరు తెరిచాను. చుక్క లేదు. చేతిరాత వేరు. ఆ పెట్టెలో రాయి మీద పసుపుపచ్చ నరం మిలమిలా మెరిసింది. వెంకట్రావు పరుగున వచ్చి రాయిని తడిపి తడిపి చూసుకున్నాడు. ఆ పూట అందరికీ మిఠాయి పంచాడు.

"చుక్కుందా పెద్దమ్మా?"

"ఉంది," అన్నాను.

నాలుగు రోజులు అదే అబద్ధం చెప్పాను. అయిదో రోజు ప్రీతి బిళ్లలు పేరుస్తూ ఆగిపోయింది. నా మొహం చూసింది. దాచలేకపోయాను. భాగ్యశ్రీ వచ్చి బిళ్లలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసింది. నన్ను తిట్టలేదు.

"సదువొచ్చి ఏం ఫాయిదా పెద్దమ్మా?" అంది.

వెంకట్రావును అడిగితే, "మీ ఆయన సెలవు మీద ఎటో పోయాడు. తాగి ఎక్కడ పడ్డాడో," అన్నాడు.

ఖాళీ పెట్టెలు అదే లారీలో తిరిగి కొండకు పోతాయి. ప్రీతి ప్రతి పెట్టె అడుగునా బొగ్గుతో రాసింది: "అంజన్ ఏడున్నడు?" లారీ నడిపే ప్రేమ్‌రాజ్ చూశాడు. పట్టా కప్పి తాడు బిగించాడు.

ఆరు రోజులకు లారీ వచ్చింది. రాళ్ల కింద, ఎవరూ చూడని చోట, చెక్కబిళ్లలు దొరికాయి. వరుసగా పేర్చి, ఈసారి దాచకుండా, గట్టిగా చదివాను.

"నేను సామ్యూల్. అన్నతోటి పని చేసేటోన్ని. తాడు తెగి ఇనుప కడ్డీ అన్న మీద పడ్డది. పానం ఉండె. నీళ్లడిగిండు. ఒక్కటే జీపు. బంగారం నరం తగిలిందని దాంట్ల పెట్టెలెక్కించిండ్రు. అన్నకు జాగ లేదన్నరు. పొద్దుమూకంగ పానం పోయింది. లోయల పూడ్చిండ్రు. చెప్తే మమ్మల్ని గూడ పూడుస్తమన్నరు."

రంపం ఇంకా తిరుగుతోంది. ఎవరూ ఆపలేదు. అంజన్‌కు బదులు జీపు ఎక్కిన రాయి నూట ఎనభై ఆరు. దాన్ని మా చేతులతోనే చీల్చాం. సగం పొడి చేసింది భాగ్యశ్రీయే. ఇన్ని సాయంత్రాలూ ఆమె చేతిలో పుస్తెలు పెట్టి నవ్వినవాడికి అన్నీ తెలుసు.

భాగ్యశ్రీ వెళ్లి మిషన్ బటన్ నొక్కి ఆపింది.

అప్పుడు లొల్లి మొదలైంది. "ఉన్న పని పోతది, పిల్లలకు ఏం పెడ్తం?" అని బాలమణి ఏడ్చింది. "పోలీసులు వాళ్లోళ్లే," అని ఇంకొకామె అంది.

"ఎల్లుండి ఢిల్లీ నుంచి కొనేటోళ్లు వస్తున్నరు," అంది ప్రీతి. "వాళ్లకు సూపెట్టేటందుకు కొండ ఈడికి రాదు. గీ పెట్టెలే కొండ. వీటి మీద కూసుంటే ఎవడు కొంటడు?"

"కూసుందాం," అంది భాగ్యశ్రీ. "నా మొగడు కిందికి రావాలె. ఎట్ల సచ్చిండో కాగితం మీద పడాలె. అందాక ఒక్క పెట్టె కదలది."

అందరికంటే ముందు వెళ్లి కూర్చున్నది బాలమణి.

మూడో రోజు పొద్దున పెద్ద కారులో కొనేవాళ్లు వచ్చారు. పెట్టెల మీద పన్నెండు మంది ఆడవాళ్లం. వెంకట్రావు చెమట తుడుచుకున్నాడు.

"ఏ అంజన్? మా రిజిస్టర్‌లో అంజన్ అనేవాడే లేడు!"

భాగ్యశ్రీ కొంగుమూట విప్పింది. చుక్కలున్న అరవై ఒక్క బిళ్లలు అతని కాళ్ల ముందు కుమ్మరించింది.

"ఇగో నీ రిజిస్టర్. సదువుకో."

కొనేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకొని కారెక్కారు. గంటలో పోలీసులు దిగారు. లాఠీ ప్రీతి మోచేతి మీద పడింది, ఎముక విరిగిన చప్పుడు విన్నాను. అందరినీ జుట్టు పట్టి వ్యాన్ దాకా ఈడ్చారు. నన్ను గోనెసంచిలా ఎత్తి వ్యాన్‌లో పడేశారు. భాగ్యశ్రీని ఎక్కిస్తుంటే వెంకట్రావు రేకుడబ్బా తెచ్చి ఆమె ముందు కదిలించాడు.

"నీ పుస్తెలు తీసుకోవే. ఇక వాటితో పనేముంది?"

ఆమె తీసుకుంది. మెడలో వేసుకోలేదు. పిడికిట్లో పెట్టుకుంది.

అప్పుడే లారీ వచ్చింది. వెంకట్రావు ఊపిరి పీల్చుకొని కూలీలను కేకేశాడు. మొదటి పెట్టె దించబోయిన మనిషి తూలిపడ్డాడు, బరువు లేక. మూత తీశారు. రాయి లేదు. రెండోది, పదోది, ముప్పయ్యోది. దేంట్లోనూ రాయి లేదు. ఒక్కో పెట్టెలో ఒక్కో చెక్కబిళ్ల.

"ఏంట్రా ఇది?" అని వెంకట్రావు ప్రేమ్‌రాజ్ కాలర్ పట్టుకున్నాడు.

"లోడ్ ఇంతే ఇచ్చిండ్రు సారూ," అన్నాడు ప్రేమ్‌రాజ్. కాలర్ విడిపించుకొని బిళ్లలన్నీ తువ్వాలలో మూటగట్టి, వ్యాన్ కిటికీ దగ్గరికొచ్చి, ఊచల మధ్య నుంచి ఒక్కొక్కటే నా ఒళ్లో వేశాడు.

"సదువు పెద్దమ్మా," అంది భాగ్యశ్రీ.

మొదటిది చదివాను.

"మిషన్ ఆపినం. అన్నను తవ్వి తీసినం. భుజాల మీద మోస్కొని దిగుతున్నం. కొండ మీది పల్లెలోళ్లు గూడ మా ఎంట ఉన్నరు."

మిగతావన్నీ పేర్లు. ఒక్కో పేరు ఒక్కో చేతిరాత. కొన్ని అక్షరాలు నాలాగే ముసలితనంలో నేర్చినవాళ్లవిలా వంకరగా ఉన్నాయి. ప్రతి పేరు పక్కనా ఒక చుక్క.

"సామ్యూల్," అని చదివాను.

"చుక్కుందా?" అని అడిగింది భాగ్యశ్రీ.

"ఉంది బిడ్డా."

వ్యాన్ కదిలింది. ముందు సీట్లోంచి జవాను లాఠీతో రేకు మీద కొట్టాడు. "నోరు ముయ్ ముసల్దానా!"

నేను తర్వాతి పేరు చదివాను. మిగతా పదకొండు మందీ అరిచారు:

"చుక్కుందా?"