నాన్సీ మాట చుట్టూ ఎర్ర సున్నాలు

అమృతరాజు నులకమంచాన్ని నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చేసరికి బంగారు గని కూలీల ఇళ్ళ వరసల్లో, కోరమండల్ లైన్లలో, అప్పుడప్పుడే లైట్లు వెలుగుతున్నాయి. లైన్ల వెనక, బంగారం తీసేసిన మట్టి పోసిన సయనైడ్ దిబ్బ పక్కగా, స్టేషనుకూ సమాధుల తోటకూ పోయే కాలిదారి ఉంది. ఆ దారికి అడ్డంగా మంచం వేశాడు. మంచం ముందు రెండు వెదురుబొంగులు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా కట్టి పాతాడు. పాతి కూర్చున్నాడు. మామూలుగానే ఆయన మాట తక్కువ మనిషి. కోపం వస్తే ఆ ఉన్న మాట కూడా ఉండదు. వారం రోజులుగా ఆయనకు కోపంగా ఉంది.

పక్కింటి కోడలు నాన్సీ మాలూరులో ఫ్యాక్టరీ పనికి పోతుంది. రోజూ రైలుకు ఈ దారినే నడుస్తుంది. పోయిన వారం దారి అంచున నేల పళ్ళెమంత కుంగి ఉండటం ఆమె కంటపడింది. గనులు మూసి ఇన్నేళ్ళయినా నేల కింద డొల్ల డొల్లగానే ఉంది మరి. చెప్పాల్సిన చోటికి పోయి చెప్పింది. "చూద్దాం పోమ్మా" అన్నారు. ఇంక లాభం లేదని ఫోనులో లైన్ల గ్రూపులో రాసింది.

ఆ గ్రూపులో ఇక్కడ మిగిలిపోయినవాళ్ళూ ఉన్నారు, బెంగళూరుకూ మద్రాసుకూ చేరినవాళ్ళూ ఉన్నారు. తమిళంవాళ్ళకు తెలుగు అక్షరాలు రావు, తెలుగువాళ్ళకు తమిళ అక్షరాలు రావు. అందుకని ఎవరికీ వాళ్ళమ్మ నేర్పని ఇంగ్లీషులో అందరూ రాసుకుంటారు. నాన్సీ కూడా తనకు వచ్చిన ఇంగ్లీషులో రాసింది. నేల కుంగుతోంది, పిల్లల్ని అటు పంపకండి, సమాధుల పండుగకు ఆ దారిన రాకండి అని.

ఎస్తరమ్మ కొడుకు డెరిక్ అది చూశాడు. ఈ లైన్లలోనే పుట్టాడు. ఇప్పుడు బెంగళూరులో పెద్ద ఉద్యోగం. నాన్సీ రాసినదాన్ని ఫొటో తీసి, తప్పున్న ప్రతి మాట చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన దిద్ది, మళ్ళీ గ్రూపులో పెట్టాడు. 'నీ మంచికే చెబుతున్నా' అని కింద ఒక మాట చేర్చాడు. నవ్వే మొహాలు వరసగా వచ్చి పడ్డాయి. గుంత ఎక్కడుందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నాన్సీ తను రాసింది తుడిపేసింది.

"ఎందుకు తుడిపినావమ్మా?" అని అడిగాడు అమృతరాజు.

"అందురూ నవ్వతా ఉండారు మామా. ఇంగ ఆ గ్రూపులో ఒక్క అక్షరం రాస్తే అడుగు."

ఇదీ ఆయన కోపం. ఆయన పనిచేసిన రోజుల్లో గని లోపల నెత్తిమీది రాయి విరగబోతూ పలుకుతోందని ఎవడైనా కేక పెడితే, ఆ కేక ఏ భాషలో ఉందో, ఎంత శుద్ధంగా ఉందో చూసినవాడు లేడు. ప్రమాదం చూసినవాడు దారికి రెండు కట్టెలు అడ్డం కట్టేవాడు. కట్టింది కూలివాడైనా ఆఫీసరు దాటేవాడు కాదు. కట్టినవాడే వచ్చి విప్పాలి. అది లోపలి పద్ధతి.

ఈ రోజు సమాధుల పండుగ. లైన్లన్నీ పిల్లాజెల్లాతో ఈ దారినే వస్తాయి. పళ్ళెమంత గుంత ఇప్పుడు బావి నోరంత అయింది.

పాల శ్రీరామప్ప సైకిలు ఆపాడు. "ఏమప్పా, దావలో సంసారం పెట్టినావా? పొయ్యి యాడ?"

"చుట్టి పో."

శ్రీరామప్ప చుట్టి పోయాడు. పొద్దెక్కాక పూలబుట్టతో డెరిక్, వెనకాల కర్ర పోటేసుకుంటూ ఎస్తరమ్మ వచ్చారు.

"ఏమంకుల్, ఈడ పడకేసినారు? కొంచెం జరగండి, డాడీ సమాధికి పోవాల." డెరిక్ వెదురుబొంగును బూటుతో పక్కకు నెట్టబోయాడు.

ఎస్తరమ్మ కర్ర వదిలేసి కొడుకు చొక్కా పట్టి వెనక్కి గుంజింది. "రేయ్, కాలు తియ్యి! కట్టెలు కండ్లకు కనపళ్ళేదా? ఎవురు కట్టినారన్నా?"

"నాన్సీ."

"అంకులే కట్టినట్టుండాది కదమ్మా..."

"నేను కట్టింది ఈ పొద్దు. ఆ పిల్ల కట్టి వారమాయ."

డెరిక్ మంచం అవతలికి తొంగి చూశాడు. గుంత అంచున గడ్డివేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. అడుగు కనబడలేదు. "ఇంత గుంత పడితే ఎవురూ చెప్పలేదే!"

అప్పుడు లేచాడు అమృతరాజు.

"చెప్పలేదా? చెప్పలేదంటావా? నువ్వు చదివినావు కదప్పా! ఒక్కో మాట పట్టి పట్టి చదివినావు. మా అందురి కంటే బాగా చదివింది నువ్వే. చదివి సున్నాలు చుట్టినావు. సున్నా యాడ చుట్టాల? ఈ గుంతకు చుట్టాల!"

"ఆమె మంచికే అంకుల్. తప్పులు రాస్తే రేపు ఉద్యోగాల్లో..."

"ఆ పిల్ల దిద్దమని అడిగినాదా?"

"లేదు."

"రాసింది నీకు అర్థం కాలేదా?"

డెరిక్ తల వంచుకున్నాడు. "అయింది."

"అర్థమైనంక ఇంగేమి నీకు?"

"మీ నాయన వేలిముద్ర మనిషి రా," అంది ఎస్తరమ్మ. "లోపలికి దిగి దిగి నీ ఇంగ్లీషుకు ఫీజు కట్టినాడు. పోయి ఆయన సమాధి రాతిమీద కూడా ఒక సున్నా చుట్టేసి రా, సరిపోతాది."

డెరిక్ ఫోను తీశాడు. "సరే, నేనే నీటుగా రాసి పెట్టేస్తాను. అందురికీ తెలుస్తాది."

"నీది వద్దు," అన్నాడు అమృతరాజు.

ఆయనకు కాఫీ తెచ్చిన నాన్సీ అప్పటికే వెనక నిలబడి ఉంది. డెరిక్ ఆమెను చూసి గొంతు తగ్గించాడు. "సారీ నాన్సీ. నువ్వు రాసిందే మళ్ళీ పెట్టనా?"

నాన్సీ కాఫీ గ్లాసు మంచం మీద పెట్టింది. "నువ్వు పెట్టేదేమి? నా మాట నేను పెట్టుకుంటాను. ముందు నీ సున్నాలు తీసెయ్."

ముగ్గురూ చూస్తుండగా డెరిక్ సున్నాల ఫొటోను గ్రూపులోంచి తీసేశాడు. నాన్సీ వెదురుబొంగుల్నీ గుంతనూ ఫోనుతో ఫొటో తీసి, వారం కిందట రాసిన మాటలే మళ్ళీ రాసి, కింద తన పేరు పెట్టి పంపింది. డెరిక్ చేతిలో ఫోను టింగుమంది. వాడు చదివాడు. బొటనవేలు కాసేపు అద్దం మీద ఆడింది. ఆ తర్వాత, 'పిల్లలతో వచ్చేవాళ్ళు ఏ దారిన రావాలి?' అని అడిగాడు.

'దిబ్బ అవతల నుంచి' అని నాన్సీ రాసింది. ఇంకెవరో గుంత ఎంత లోతని అడిగారు. నవ్వే మొహం ఒక్కటీ రాలేదు.

అమృతరాజు కాఫీ తాగాడు. కోపం మాత్రం దిగలేదు. దిబ్బ వైపు తిరిగిన డెరిక్ ఆగి అడిగాడు. "ఈ కట్టెలు ఎప్పుడు విప్పుతారంకుల్?"

"నన్నెందుకు అడుగుతావు? కట్టిన పిల్లను అడుగు."