మంచులో నిలబడ్డ చిలకమ్మ

ఖరగ్‌పూర్‌లో మా పక్క క్వార్టరు జగ్గారావు రైల్వే వర్క్‌షాపులో మేస్త్రీ. రైల్వే పాసు వస్తే మా లైన్లో అందరూ విజయనగరమో శ్రీకాకుళమో పోయేవారు. ఆయనగారికి మాత్రం ఆ చలికాలం డార్జిలింగు మీద మనసు పోయింది. అక్కడ ఘూమ్ అనే ఊరికి పైన, కొండమీద, తెలిసిన కంట్రాక్టరు చెక్క ఇల్లొకటి ఖాళీగా ఉందట. పెళ్ళాం స్వర్ణకుమారి ఆ సంగతి మా న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో చెప్పని గడప లేదు. జగ్గారావు విధవ చెల్లెలు చిలకమ్మ పేరు కూడా పాసులో ఉంది కాబట్టి ఆమెనూ తీసుకెళ్ళారు. ప్రేమకొద్దీ కాదు లెండి, పొయ్యి కోసం.

మావన్నీ బొగ్గుల పొయ్యిలు. బొగ్గుపొడిలో బంకమట్టి కలిపి, ఉండలు చేసి ఎండబెడతాం. వాటిని గుల్ అంటాం. బకెట్ పొయ్యిలో గుల్ నింపి వీధిలోనే అంటించి, పొగంతా పోయి ఎర్రబడ్డాకే లోపలికి తెస్తాం. మూసిన గదిలో ఆ పొగ పీలిస్తే మనిషికి తెలివి తప్పుతుంది. జగ్గారావు ఇంట్లో ఆ చాకిరీ అంతా చిలకమ్మదే. స్వర్ణకుమారి చేతికి మసి అంటడం నేనైతే చూడలేదు. అందుకని గుల్ బస్తా, బకెట్ పొయ్యి, చిలకమ్మ కలిసి రైలెక్కాయి.

చిన్నప్పుడే మొగుడు పోయి అన్న పంచన చేరిన మనిషి, నోరు తెరిచి ఏదీ అడిగేది కాదు. నన్ను అక్కలా అప్పా అని పిలిచేది, నాతో మాత్రం చెప్పుకుంది, ఒక్కసారి మంచులో కాళ్ళు పెట్టి నిలబడాలని ఉందని.

వెళ్ళిన మర్నాడే మంచు పడింది. ఆ కొండమీద ఏటా పడేది కాదట, వాళ్ళ అదృష్టం. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలూ కోట్లు తగిలించుకుని దిగారు. రేకుముక్క మీద కూర్చుని వాలులో జారారు. మంచు ఉండలు చేసి కొట్టుకున్నారు. చిలకమ్మ వెళ్ళబోతే వదిన ఆపింది. పొయ్యి ఆరిపోతే పిల్లలు చలికి బిగుసుకుపోతారు, సాయంత్రం వెళ్దువులే అంది. సాయంత్రం రొట్టెలు చెయ్యమంది. మర్నాడు కాళ్ళు కడుక్కోడానికి వేడినీళ్ళు కావాలంది. చిలకమ్మ కిటికీ అద్దం మీద ఆవిరి తుడుచుకుంటూ వాళ్ళ నవ్వులు వింటూ కూర్చుంది.

ఆఖరిరోజు ధైర్యం చేసి అన్ననే అడిగింది. ఆయన నోరు విప్పేలోపే స్వర్ణకుమారి బయటికెళ్ళి చెంబెడు మంచు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"ఇదుగోనే నీ మంచు. సూసీసినావు గదా, ఇప్పుడు టీ పెట్టు."

జగ్గారావు పడీపడీ నవ్వాడు. తండ్రి నవ్వాడని పిల్లలూ నవ్వారు. పొయ్యి పక్కన చెంబులో మంచు చూస్తుండగానే నీళ్ళయిపోయింది.

చిలకమ్మ ఆ చెంబెడు నీళ్ళనీ, కాగుతున్న గిన్నెడు నీళ్ళనీ పొయ్యిలో గుమ్మరించేసింది. చెప్పులైనా లేకుండా బయటికి నడిచింది. వెనకాల అన్న గడియ వేశాడు. ఆ మంచే తిని బతకమని లోపల్నించి అరిచాడు.

ఆమె తలుపు తట్టలేదు. మడమలు మునిగేదాకా మంచులో దిగి నిలబడింది. మబ్బు తొలిగి ఎదర కొండంతా తెల్లగా కనిపించిందట. ఒక్కర్తే పైకి నవ్విందట. పుట్టి బుద్ధెరిగాక అంత సంతోషం తనకి లేదని నాతో చెప్పింది. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది.

లోపల వాళ్ళకి చలేసింది. పొయ్యి బయట అంటించాలంటే తలుపు తియ్యాలి, తీస్తే చిలకమ్మ దగ్గర ఓడిపోయినట్టు. అందుకని గదిలోనే అంటించారు. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కారు. పొగ కాస్త తగ్గగానే దుప్పట్లు కప్పుకుని పొయ్యి చుట్టూ చేరారు. చిలకమ్మకి ముందు దగ్గులు వినిపించాయి, తర్వాత తిట్లు, ఆ తర్వాత ఏమీ లేదు. తనని ఏడిపించడానికే ఊరుకున్నారనుకుంది. అద్దంలోంచి తొంగిచూస్తే పిల్లలిద్దరూ ఒకరి మీద ఒకరు ఒరిగిపోయి ఉన్నారు.

రాయి పెట్టి అద్దం పగలగొట్టింది. చేతులు కోసుకుపోయినా లోపలికి దూరి తలుపు తీసింది. పిల్లల్ని, వదినని, అన్నని వరసగా ఈడ్చుకొచ్చి గాలిలో పడుకోబెట్టింది. వాంతులు చేసుకుని ఒక్కొక్కరే తెలివిలోకి వచ్చారు. జగ్గారావు లేచి నిలబడుతూనే ఆమె చెంప పగలగొట్టాడు.

"పొయ్యి ఆర్పింది నువ్వే. మమ్మల్ని సంపడానికే ఆర్పినావు."

ఖరగ్‌పూర్ వచ్చాక స్వర్ణకుమారి ఇదే కథ సుభాష్‌పల్లి పేట దాకా మోసింది. జనం నమ్మారు. విధవ ముండ మాట ఎవరడుగుతారు? మరుసటి ఏడు పాసులో ఆమె పేరు తీయించేసి, ట్రంకుపెట్టె వీధిలో పెట్టాడు అన్న. ఆ మనిషిని చూస్తే ఈనాటికీ నాకు ఒళ్ళు మండుతుంది. చిలకమ్మని మా వరండాలో ఉండమన్నాను.

ఒకరోజు బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే అడిగాను, నలుగురి ప్రాణాలు కాపాడి ఈ గతి పట్టినందుకు మనసులో బాధ లేదా అని.

"నానే తొందరపడినానప్పా," అంది తలెత్తకుండా. "ఇంకొంచేపు ఆ మంచులోనే నిల్సుండిపోవలసింది."

మరి పిల్లలో అన్నాను. చేట దగ్గరకి లాక్కుని రాళ్ళు ఏరుతూనే ఉంది.